బావగారి పేజీ, మరదలి పలక

శనివారం, సాయంత్రం నాలుగుంబావు. కిటికీ పక్కన బల్ల దగ్గర మరదలు, గుమ్మంలో బావ.

“...అంటే ఆ పలక మీద ఇంకా వెబ్‌సైట్లే చేస్తున్నావా? నిజంగా?”

“పలక కాదు బావా, లాప్‌టాప్. మీరే ఇచ్చారు.”

“పాత సామాన్లవాడు కూడా వద్దన్నాడని ఇచ్చాను. రెండు జీబీ మెమరీతో కోడింగ్ ఏంటి తల్లీ? కోడు రాసే ఎడిటర్ తెరిస్తే బ్రౌజర్ చస్తుందట, బ్రౌజర్ తెరిస్తే ఎడిటర్ చస్తుందట. మీ అక్క చెప్పి ఒకటే నవ్వు.”

“అందుకే ఒకటి మూసి ఇంకోటి తెరుస్తా. మధ్యలో ఆలోచించుకోడానికి టైం దొరుకుతుంది. మీ దాంట్లో ఆ సౌకర్యం లేదు పాపం.”

“సరే, సరే. ఒక అరగంట ఇస్తావా?”

“ఏది?”

“అదే. పలక.”

“ఎందుకు?”

“ఊరికే.”

“దీన్ని ఊరికే ఎవరడుగుతారు? అయిదింటికల్లా ఉద్యోగం పరీక్ష ఒకటి పంపాలి నేను. ఇప్పటికి పదకొండు చోట్ల వద్దన్నారు. ఇదీ పోతే బట్టల కొట్లో కూర్చుంటానని అక్కకి మాటిచ్చేశా.”

“అయితే నా లాప్‌టాప్ తీసుకో. ముప్పై రెండు జీబీ.”

“వేలిముద్రలు పడతాయని ముట్టుకోనివ్వరుగా ఎప్పుడూ?”

“ఇప్పుడిస్తున్నాగా.”

“అమ్మో. అంటే ఏదో పెద్దదే అయ్యింది. చెప్పండి.”

“ఏం లేదు. ఆసుపత్రివాళ్ళకి అపాయింట్‌మెంట్ పేజీ ఒకటి చేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. కౌంటర్లో మాత్రం కొంచెం...”

“కొంచెం?”

“తెరుచుకోవట్లేదట.”

“కొంచెమేనా.”

“వాళ్ళవి డొక్కు కంప్యూటర్లు! నా దాంట్లో అర సెకను. నిన్నెవరో ముసలాయన టోకెన్ కోసం నలభై నిమిషాలు నిలబడ్డాడట, దానికి నేనేం చేస్తాను? మా మేనేజరేమో అయిదింటికల్లా బాగు చెయ్, లేకపోతే ఇంకొకళ్ళకి ఇస్తానంటాడు. బాగు చేయాలంటే ముందు నా దగ్గర చెడిపోవాలి కదా.”

“అది చెడిపోతే చూడ్డానికి నా పలక కావాలి.”

“...అవును.”

“కూర్చోండి. లింకు చెప్పండి.”

“ఇదిగో. ...వచ్చిందా?”

“తిరుగుతోంది.”

“ఇప్పుడు?”

“తిరుగుతోంది. మీరెళ్ళి స్నానం చేసి రండి.”

“ఆ మోతేంటి?”

“దీని ఫ్యాను. మీ పేజీ చూసి భయపడింది.”

“ఆ, వచ్చింది, వచ్చింది. ఇదేంటి, డాక్టరమ్మకి తల సగమే ఉంది?”

“మిగతా సగం వస్తుంది, తొందరేముంది. పేరు రాసే గడి కన్నా ముందు పన్నెండుమంది డాక్టర్ల ఫొటోలు రావాలిగా. గోడంత ఫొటోలు తెచ్చి గోరంత చేసి చూపిస్తున్నారు. ఆ తర్వాత ఆకాశంలోంచి తీసిన భవనం వీడియో. ఆ తర్వాత రాలే పువ్వులు. పువ్వులెందుకు బావా?”

“హుందాగా ఉంటుందని.”

“ఆసుపత్రిలో మనిషి మీద పువ్వులు రాలితే ఏమనుకుంటారు?”

“...అలా ఆలోచించలేదు.”

“ఇవన్నీ తీసేస్తే చాలు.”

“ఇంత తొందరగా ఎలా కనిపెట్టావ్?”

“ఆర్నెల్లుగా ఇది మోయగలిగిందే రాస్తున్నా. ఏది బరువో చేతికి తెలిసిపోతుంది.”

“అయితే ఆ తీసేసేదేదో చకచకా తీసిపెట్టు తల్లీ.”

“తీసేశాను. చూడండి. ఒకటి, రెండు... వచ్చేసింది. పేరు, వయసు, టోకెన్. అంతే.”

“బంగారం నువ్వు. నాకు పంపు, ఇప్పుడే పంపు. ...ఆగాగు. ఎప్పుడు తీశావ్?”

“మధ్యాహ్నమే. చివరిసారి సరిచూసుకుంటుంటే మీరొచ్చారు.”

“నేను చెప్పింది ఇప్పుడేగా?”

“పరీక్షలో ఇచ్చారు. ఈ పేజీ పాత కంప్యూటర్లలో ఎందుకు తెరుచుకోవట్లేదో చెప్పి, బాగు చేసి పంపమన్నారు. చేసినాయన పేరు కొట్టేశారు. పువ్వులు చూసి నేనే గుర్తుపట్టా, మీ పెళ్ళి వెబ్‌సైట్లోనూ ఇవే రాలాయి.”

“పరీక్ష ఎవరు పెట్టారు?”

“మీ మేనేజర్.”

“మా ఆఫీసుకి అప్లికేషన్ పెట్టావా? నాకు చెప్పకుండా?”

“చెప్తే ఆ పలక మీద నేర్చుకున్నవాళ్ళు మాకెందుకు అంటారని.”

“నేనలా ఎందుకంటాను?”

“పోయిన వారం భోజనాల దగ్గర అన్నారు.”

“...సరదాకి. ఇదిగో మరదలా, నాకు పంపు. నేనే చేశానని చెప్పుకుంటా. నీకు కొత్త లాప్‌టాప్ కొనిస్తా, నాలాంటిదే.”

“వద్దు బావా. అదొస్తే నేనూ పువ్వులు రాలుస్తా.”

“నా పరువు కాస్త...”

“పంపేశా.”

“నాకా?”

“ఆయనకి.”

“అయిపోయింది నా పని.”

“అలా కూలబడకండి. నీళ్ళు తెమ్మంటారా?”

“మాట్లాడకు.”

“అదిగో, జవాబు వచ్చినట్టుంది. ఉండండి, తిరుగుతోంది.”

“ఏమంటాడు?”

“సోమవారం నుంచి రమ్మంటున్నారు. మొదటి వారం ఈ పేజీ చేసినాయన పక్కన కూర్చుని, ఆయనకి నేర్పించాలట.”