ఫుల్ ట్యాంకు కబుర్లు

కార్ల కంపెనీ పరీక్ష ట్రాకు, ఒక్కో చుట్టు ఐదు కిలోమీటర్లు. కొత్త స్పోర్ట్స్ కారుకి ఫుల్ ట్యాంకు పోసి, ఆగిపోయేదాకా నడుపుతున్నాడు డ్రైవరు. కంట్రోలు గదిలో వైర్‌లెస్ ముందు ఆవిడ. మధ్యాహ్నం.

"నూట ఒక్క చుట్లు అయ్యాయి. నిద్రొస్తోందా?"

"లేదక్కా."

"లేదంటే చాలదు తమ్ముడూ. చుట్టుకోసారి నాలుగు ముక్కలు మాట్లాడాలని రూలు. ఏదో ఒకటి చెప్పు."

"ఐదొందల ఐదు కిలోమీటర్లు వచ్చాను. బయల్దేరిన చోటే ఉన్నాను. చాలా?"

"అబ్బో, వేదాంతం! పొద్దున ఏం తిన్నావ్?"

"రాత్రి మిగిలింది."

"రాత్రి?"

"పొద్దున మిగిలింది."

"ఖర్మ! ఒక్కడివే కదా, అంతంత ఎందుకు వండుతావురా?"

"చెయ్యి అలవాటు. ముగ్గురి కొలతే పడుతుంది."

"మీ ఆవిడ పాపని తీసుకుని వెళ్ళిపోయి రెండేళ్ళు కాలేదూ?"

"అయిందిలే. నూట రెండో చుట్టు కూడా అయిపోవచ్చింది."

"మాట మార్చకు. ఆగాగు, స్పీడేంటి? వంద మీద ఉండాలి, ఎనభై చూపిస్తోంది."

"ఎదురుగాలి అక్కా."

"గుండ్రటి ట్రాకులో చుట్టంతా ఎదురుగాలేనా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావ్? ఏసీ కూడా కట్టేశావా?"

"అంటే... చల్లగా ఉందనీ..."

"ఈ ఎండలో చల్లగా ఉందా! ఎందుకురా ఈ పొదుపు? వందలో ఎంత దూరం వెళ్తుందో చూడమన్నారు గానీ, నువ్వెంత దూరం సాగదీస్తావో చూపించమన్నారా? ఇలా అయితే పరీక్ష చెల్లదు."

"చెల్లకపోతే మానె."

"మానె ఏమిటి, మానె! ఉద్యోగం పోగలదు."

"రేపటి నుంచి నువ్వుండవుగా అక్కా."

"ఎవరు చెప్పారు?"

"గేటు దగ్గర వాచ్‌మన్. మిషను పెడతారటగా. చుట్టుకోసారి అది కూత పెడితే నేను మీట నొక్కాలట. నొక్కితే మెలకువగా ఉన్నట్టు."

"అవును. నన్ను స్టోర్సుకి వేశారు. బోల్టులు సర్దుకోవాలి."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావ్?"

"ఇదిగో, ఇదే చేస్తాను. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదక్కా. ట్యాంకు అయ్యేదాకానే నువ్వు మాట్లాడతావు. ఈ పెట్రోలు ముల్లు కిందికి దిగుతుంటే భయమేసింది. అందుకే కాలు ఎత్తాను... అక్కా? వింటున్నావా?"

"వింటున్నాను. పిచ్చి సన్నాసీ."

"రిపోర్టులో రాస్తావా?"

"రాయక? ఎవడో మన లెక్క నమ్మి ఈ కారు కొనుక్కుని, నడిరోడ్డు మీద ఆగిపోవాలా? ఎనభైలో నడిపాడనే రాస్తాను."

"రాసెయ్యి. అక్కా... పెట్రోలు అయిపోయినట్టుంది, ఇంజను దగ్గుతోంది."

"కంగారుపడకు. మెల్లగా పక్కకి తీసుకో."

"ఆగిపోయింది. ఐదొందల పంతొమ్మిది. అవతలి మలుపు దగ్గర ఉన్నాను."

"సరే, దిగకు. లాక్కొచ్చే బండి వస్తుంది."

"ఇంక మాట్లాడక్కర్లేదుగా. రూలు అయిపోయింది."

"నోర్ముయ్. మీ పాప ఏ క్లాసు?"

"ఆరు. కాదు, ఏడుకి వచ్చుంటుంది."

"ఫోన్ చెయ్యదా?"

"చేస్తే ఎత్తడానికి రెడీగానే ఉంటాను. మరి మీ ఇంట్లో?"

"మా ఇంట్లో టీవీ మాట్లాడుతుంది. వార్తల అమ్మాయి 'ఇక సెలవు' అంటే, 'సరేనమ్మా, జాగ్రత్త' అంటాను."

"నిజంగానా!"

"నవ్వకు. ఒకరోజు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది పాపం. మిరియాల కషాయం తాగమని చెప్పాను."

"తాగిందా?"

"మర్నాటికి తగ్గింది మరి."

"భలేదానివక్కా! కడుపు నొప్పెడుతోంది నవ్వలేక."

"నవ్వు, నవ్వు. ఎన్నాళ్ళయిందో నువ్వు నవ్వగా విని."

"అక్కా, ఎండ దిగిపోతోంది. గంట దాటింది. ఆ బండి ఉండేది గేటు పక్కనేగా, ఇంకా రాలేదేం?"

"దానికి నేనింకా కబురు చెయ్యలేదు తమ్ముడూ."