పూత మీద ఎండ

సంగం దగ్గర ఎండాకాలంలో వేసే ఎడగారు వరి పూత మీద ఉంది. భర్త కర్మ ముగిసిన మర్నాడు పొద్దున్నే ఆమె చేను చూడడానికి వచ్చింది. విత్తనాల పరిశోధనలో పనిచేసే చెల్లెలి కూతురు వెంట ఉంది.

"మీ పెదనాయన ఎండకు పడిపోయినాడు. వరి మాత్రం పచ్చగానే ఉండాదే?"

"ఎండ ఎక్కువైతే మొక్క లోపల ఒక రకం ప్రొటీన్లు తయారవుతాయి పెద్దమ్మా. ఎండకు చెడిపోబోయే మిగతా ప్రొటీన్లను పట్టుకుని కాపాడతాయి. అవి లేకుంటే తాలుగింజలే మిగులుతాయి."

"అన్నిటినీ కాపాడతాయా?"

"లేదు. ఎండ మరీ మించితే వాటి చేతా కాదు."

"పూత మాడిపోతుందని మిట్టమధ్యాహ్నం నీళ్ళు కట్టను వచ్చినాడు. వద్దంటే వినలేదు." ఆమె ఒక వరి వెన్నును చేతిలోకి తీసుకుంది. "అట్టాంటివి మనిషికి ఉండవా?"

"ఉంటాయి. పెదనాయనకూ ఉన్నాయి."

"మరి ఏం చేసినాయి?"

"చేతనైనంతసేపు ఆయన్ని కాపాడాలనే చూసుంటాయి పెద్దమ్మా."

"నేను వచ్చేసరికి గట్టు మీద ఒక్కడే పడి ఉండాడు. సాయానికి ఎవరూ లేకుండా పోయినాడనే నా దిగులంతా."

అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు ఆయన్ని ఊరికే వదిలెయ్యలేదంటావు."

"వదిలెయ్యలేదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కాలవ మడవ తియ్యి. ఎండెక్కకముందే నీళ్ళు కట్టి ఇంటికి పోదాం."