గౌరీశ్వరిగారి రెండువందల పదిహేనో నిబంధన

1988వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ, బుధవారం, ఉదయం పదిన్నర గంటలకు శ్రీమతి గౌరీశ్వరిగారు విశాఖపట్నంలోని మా న్యాయస్థానంలో నకళ్ల గుమాస్తాగా విధుల్లో ప్రవేశించారు. ముందురోజు సాయంత్రం వరకు తమ ఊరు పద్మనాభంలో సొంత పొలంలో వరినాట్లు వేసిన చేతులతోనే మర్నాడు పొద్దున్న మొదటి బస్సెక్కి, ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సులో దిగి, దారి అడుక్కుంటూ నడిచి వచ్చి, హాజరుపట్టీలో తొలి సంతకం చేశారు. ఆ తరువాత ముప్ఫయ్యారేళ్ల పదినెలలపాటు ఆ సంతకం ఒక్కనాడూ ఆలస్యంగా పడలేదని చెప్పడానికి మా కార్యాలయంలోని హాజరుపట్టీలే సాక్ష్యం. అంతకన్నా గట్టి సాక్ష్యం కావాలనుకునేవారికి, ఆమె కన్నా పది నిమిషాలు వెనకగా వచ్చి ఆమె చూపుకు దొరికిపోయిన నాలాంటివాళ్లం చాలామందిమి ఇంకా కొలువులోనే ఉన్నాం.

నకళ్ల విభాగంలో ఎనిమిదేళ్లు పనిచేసిన కాలంలో, తీర్పు ప్రతిని టైపు చేసిన తరువాత దానిని పైకి చదివి సరిచూసుకోవడం ఆమె అలవాటు. పక్క బల్లలవారికి అది తలనొప్పిగా ఉండేదని నాటి పెద్దలు చెబుతారు. అయితే ఆమె చేతి మీదుగా వెళ్లిన నకలు తప్పుందని వెనక్కి వచ్చిన సందర్భం మాత్రం వారెవరూ చెప్పలేకపోయారు.

1996లో సమన్ల విభాగానికి బదిలీ అయ్యారు. సముద్రపొడ్డు పేటలకు పంపిన సమన్లు ‘ఇంటికి తాళం వేసి ఉన్నది’ అనే రాతతో కట్టలు కట్టలుగా తిరిగి వస్తున్న రోజులవి. గౌరీశ్వరిగారు ఒక ఆదివారం స్వయంగా పేటకు వెళ్లి చూసి వచ్చి, సమన్లు అందజేసే ఉద్యోగికి చేపల వేలంపాట జరిగే వేళకు రేవు దగ్గరకు వెళ్లమని చెప్పారు. తలుపు దగ్గర దొరకని మనుషులందరూ అక్కడ దొరికారు. మనిషి ఎక్కడ ఉండాలో కాగితం చెబుతుంది, ఎక్కడ ఉంటాడో మనమే వెళ్లి చూసుకోవాలి అన్నది ఆమె ఉద్యోగధర్మం.

2003 నుంచి 2014 వరకు న్యాయమూర్తి వేదిక కింద కూర్చునే బెంచి గుమాస్తాగా పనిచేసిన పదకొండేళ్లే ఆమె జీవితంలో ఉజ్జ్వల ఘట్టమని నా అభిప్రాయం. అప్పటికి కొత్తగా చేరిన నాకు పని నేర్పింది అక్కడే. అటెండరు సూరన్న గుమ్మం దగ్గర నిలబడి కక్షిదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికితే సరే. పలకకపోతే గైర్హాజరు అని వెంటనే రాసేవారు కాదు. ఆ వ్యాజ్యం కాగితాల కట్టను తమ ఎడమచేతి పక్కన పెట్టుకుని, భోజన విరామం తరువాత మరొకసారి పిలిపించేవారు. అప్పటికి ఆనందపురం నుంచి బస్సు దొరకనివాడూ వచ్చేవాడు, పొద్దుటి చేపలు అమ్ముకుంటే గాని కదలలేని మనిషీ వచ్చేది. ఇది ఏ చట్టంలోనూ లేదు, ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆమెకు ముందున్నవారూ ఇలాగే చేశారట. తరువాత ఆ కుర్చీలో కూర్చున్న నేనూ ఇలాగే చేశాను. వచ్చిన న్యాయమూర్తులందరూ ఈ పద్ధతిని మన్నించారు.

సూపరింటెండెంటుగా పదోన్నతి పొందిన తరువాత, 2021లో, కోర్టు సేవలను కంప్యూటర్లలోకి మార్చే బృహత్కార్యం తలకెత్తుకున్నారు. వ్యాజ్యం దాఖలు చేయడం, వాయిదా తెలుసుకోవడం, నకలు తీసుకోవడం, కోర్టుహాలులో హాజరు నమోదు, అన్నీ తెరమీదికి రావాలి. ఆ పని ఒక కాంట్రాక్టు సంస్థకు అప్పగించాలి. సంస్థ ఏం చేయాలో, ఎలా చేయాలో, చేసిందో లేదో ఎలా పరీక్షించాలో నిబంధనలుగా రాసి ఇవ్వవలసిన బాధ్యత గౌరీశ్వరిగారిది. ‘కంప్యూటరు ముట్టుకోని మనిషికి కంప్యూటరు పని అప్పగించారు’ అని వెనక నవ్వుకున్నవారిలో నేనూ ఉన్నాను. ఆమె మాత్రం కాగితం మీద కలం పెట్టకముందు మూడు నెలలు వరండాలో కూర్చున్నారు. వచ్చిన ప్రతివారినీ ‘ఈరోజు కోర్టుకి ఎందుకొచ్చారు, మొదట ఎవరిని అడిగారు, వాళ్లేం చెప్పారు’ అని అడిగి రాసుకున్నారు.

కాంట్రాక్టు సంస్థ ఇంజనీరు సాయిశంకర్ మొదటి సమావేశానికి ల్యాప్‌టాప్ తెరిచి సిద్ధంగా కూర్చుంటే, ‘అది మూసెయ్యి నాయనా, ముందు ఒక పూట బయట బల్ల మీద కూర్చునిరా’ అని పంపించేశారు. సాయంత్రం అతను తిరిగి వచ్చి, తనను ఏడుగురు వకీలుగారనుకున్నారనీ, ఒక ముసలామె అరటిపండు పెట్టిందనీ చెప్పాడు. మర్నాటి నుంచి పని మొదలైంది. అతను తెచ్చిన తొలి చిత్తుప్రతిలో అడుగడుగునా ‘వాడుకదారు’ అన్న మాట ఉండేది.

“వాడుకదారంటే ఎవరు బాబూ?” అని అడిగారు గౌరీశ్వరిగారు.

“అంటే... ఎవరైనా, మేడం.”

“ఎవరైనా అంటే ఎవరూ కాదు. చదువు రానివాళ్లా, చూపు ఆననివాళ్లా, వకీలుగారా, మా సూరన్నా? ఎవరి కోసమో పక్కన రాయి. రాయలేకపోతే ఆ నిబంధన మనకక్కర్లేదు.”

అలా రెండేళ్లలో రెండువందల పద్నాలుగు నిబంధనలు తయారయ్యాయి. అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలి, కరెంటు పోతే రాసినదంతా ఎక్కడ ఉండాలి, చదువురాని మనిషికి వాయిదా తేదీ గొంతుతో ఎలా చెప్పాలి, చెప్పే తెలుగు ఎవరికి అర్థమయ్యేట్టు ఉండాలి, ఇలా ప్రతిదానికీ ఎదురుగా ఒక పరీక్ష, ఆ పరీక్షకు ఎవరిని పిలవాలో వారి వివరం. సంస్థవారే ఇంత స్పష్టంగా రాసిచ్చిన పత్రం తామెన్నడూ చూడలేదని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని ఆమె ముఖం వెలిగిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది.

ఇక నేను రాయవలసిన రోజుకు వస్తున్నాను. 2023 నవంబరు 16, గురువారం. కొత్త పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగో రోజు. వెనక వరుసలో పరిశీలనకు వచ్చిన అధికారులు కూర్చున్నారు. బెంచి గుమాస్తా కుర్చీలో నేను. పదకొండు దాటాక చిట్టమ్మ వ్యాజ్యం పిలుపుకొచ్చింది. చిట్టమ్మ సముద్రపొడ్డున చేపలమ్ముకునే మనిషి. భర్త పోయాక, ఆమె ఉంటున్న పెంకుటిల్లు తనదని మరిది ఎదురుతిరిగితే, తనను వెళ్లగొట్టకుండా ఆపమని వ్యాజ్యం వేసుకుంది. అందులో ఇచ్చిన నిలుపుదల ఉత్తర్వు మీదే ఆమె ఆ ఇంట్లో ఉంటోంది. సూరన్న మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. ఆమె వకీలు వేరే హాలులో వాదనలో ఉన్నారు. తెరమీద రెండే మీటలు ఉన్నాయి: హాజరు, గైర్హాజరు. ఏదో ఒకటి నొక్కితే గాని తరువాతి వ్యాజ్యం రాదు. నేను గైర్హాజరు నొక్కాను. ఆ నమోదు న్యాయమూర్తిగారి తెరమీదికి వెళ్లింది. ఎదుటి వకీలు లేచి వ్యాజ్యం కొట్టివేయమని కోరారు. న్యాయమూర్తిగారు కొట్టివేశారు. దానితోపాటే నిలుపుదల ఉత్తర్వు కూడా పోయింది.

పన్నెండు కాకముందే చిట్టమ్మ వచ్చింది, ఖాళీ తట్టతో. సంగతి తెలిసి గుమ్మంలోనే కూలబడింది.

“ఎప్పుడూ ఇదే ఏలకి కదా వత్తన్నాను బాబూ! సేపలు ఒగ్గీసి ఎలాగొస్తాను? ఇయ్యేల ఏటైపోనాది? మా మరిది రేపే తాలం ఎట్టీస్తాడు. నానెక్కడికెల్లాల?”

సూరన్న నా వంక చూశాడు. “నాను మూడుపాల్లు పిలిసినాను. పక్కనెట్టీసుంటారని అనుకున్నాను,” అన్నాడు.

కబురు అందిన ఐదు నిమిషాలకు గౌరీశ్వరిగారు కిందికి దిగి వచ్చారు. సాయిశంకర్ తన దగ్గరున్న పత్రం తిరగేసి, బిక్కముఖంతో, “మీరు రాసిందే చేశాం మేడం. నూటనలభై ఒకటో నిబంధనలో హాజరు, గైర్హాజరు రెండే ఉన్నాయి,” అన్నాడు. ఆమె ఆ పుట అందుకుని చదివారు. మళ్లీ చదివారు. పదకొండేళ్లు తన చేతులతో కట్టలు పక్కన పెట్టిన మనిషి, ఎదుటివారి పనిని గుచ్చిగుచ్చి అడిగి రాసుకున్న మనిషి, తాను రోజూ చేసిన పనిని తనను తాను అడగడం మరిచిపోయారు. చెయ్యి అలవాటుగా చేసుకుపోయే పని కలానికి గుర్తురాలేదు. ఆ క్షణంలో ఆమె ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

తప్పు సంస్థ మీదికి నెట్టేయమని సలహా ఇచ్చినవారు చాలామంది. పరిపాలనాధికారి పదవికి ఆమె పేరు అప్పుడే పరిశీలనలో ఉంది. ఫైలులో తన లోపమని ఒక్క ముక్క రాస్తే అది జీవితాంతం అక్కడే ఉంటుంది. నేనూ అదే చెప్పాను. “ఆళ్లు సెయ్యని తప్పు ఆళ్లమీద ఎలాగ రాస్తాను త్రినాథ్? నాను సెప్పలేదు కాబట్టే కదా ఆళ్లు సెయ్యలేదు!” అన్నారు. ఆఫీసులో ఎన్నడూ వినని పద్మనాభం మాట ఆరోజు ఆమె నోట విన్నాను.

చిట్టమ్మ వకీలుగారికి కబురు పంపి, ఆ పూటే వ్యాజ్యాన్ని తిరిగి విచారణకు తీసుకోమని దరఖాస్తు వేయించారు. తానొక నివేదిక రాసి న్యాయమూర్తిగారికి సమర్పించారు. అందులోని మాటలు నాకు కంఠతా వచ్చు: ‘పలకని కక్షిదారును మధ్యాహ్నం మరల పిలుచుట ఈ న్యాయస్థానపు చిరకాల ఆచారము. నిబంధనలలో దానిని చేర్చకపోవుట నా లోపము. హాజరు నమోదు చేసిన గుమాస్తాకు రెండు దారులే ఇవ్వబడినవి. మూడవ దారి చూపనందుకు నేనే బాధ్యురాలను.’ మర్నాడు పదిన్నరకే న్యాయమూర్తిగారు ఇరుపక్షాలనూ విని వ్యాజ్యాన్ని తిరిగి స్వీకరించి, నిలుపుదల ఉత్తర్వును పునరుద్ధరించారు. అప్పటికే మరిది చేతిలో కొత్త తాళం ఉందని సూరన్న తరువాత చెప్పాడు. చిట్టమ్మ నేటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది.

రెండువందల పదిహేనో నిబంధన ఆ వారమే రాశారు: ‘పక్కన పెట్టినది’ అనే మూడో మీట ఉండాలి, భోజన విరామం తరువాత మరల పిలిచినట్టు నమోదు కానిదే గైర్హాజరు మీట పనిచేయరాదు. దానికి ఎదురుగా, ఎవరి కోసం అన్న చోట చిట్టమ్మ పేరు రాశారు. మార్పు కాంట్రాక్టులో లేనిది కనుక మళ్లీ అనుమతులు కావలసివచ్చి, మొత్తం పథకం ఆరువారాలు ఆలస్యమైంది. ఆలస్యానికి బాధ్యులు అన్న గడిలో తన పేరే పూరించారు. మరుసటి ఏడాది వెలువడిన పదోన్నతుల జాబితాలో ఆమె పేరు లేదు. ఆ కారణాన, ఈ జూన్ 30న, పదేళ్లకు పైగా కూర్చున్న సూపరింటెండెంటు కుర్చీలో నుంచే విరమిస్తున్నారు.

భర్త శ్రీరామ్మూర్తిగారు, కుమార్తె పుష్ప మా ఉద్యోగుల పత్రిక ఈ వీడ్కోలు సంచిక చదువుతారని తెలిసే ఇదంతా రాస్తున్నాను. పదోన్నతి ఎందుకు రాలేదని ఇంట్లో అడిగితే ‘సీనియారిటీలో ఏదో తేడా’ అని చెప్పారట. తేడా సీనియారిటీలో లేదు. నిజానికి ఆమె నివేదికలో ఒక వాక్యం సరికాదు. నాకు రెండు దారులే ఉన్నాయని రాశారు. మూడో దారి నాకుంది. లేచి నిలబడి, ‘అయ్యా, ఈ వ్యాజ్యం మధ్యాహ్నం దాకా పక్కన పెడదాం’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఆచారం నాకు తెలుసు, చిట్టమ్మ ఏ వేళకు వస్తుందో కూడా తెలుసు. వెనక అధికారులున్నారని, కొత్త పద్ధతికి అడ్డుపడ్డానంటారని భయపడి నోరు మెదపలేదు. ఆ సంగతి నాకు పని నేర్పిన మనిషికి తెలియదా? తెలిసే, నివేదికలో నా పేరు రాయలేదు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. ఆ తరువాత నాకు వచ్చిన పదోన్నతికి మొదట మిఠాయి పంచింది కూడా ఆవిడే.

మాన్యులు శ్రీమతి గౌరీశ్వరిగారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు, కుటుంబసభ్యుల నడుమ నిండైన సంతోషం కలగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. అందరితో పాటు కోరే ఈ కోరికలో నా స్వార్థం కూడా కొంత ఉంది. పై పేరాలో రాసినది ఆవిడ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం ఏడాదిన్నరగా నాకు రాలేదు, ఇంకా ఎన్నాళ్లకు వస్తుందో తెలియదు. అంతవరకైనా ఆవిడ చల్లగా ఉండాలి.

— బి. త్రినాథరావు,
బెంచి గుమాస్తా (ప్రస్తుతం సూపరింటెండెంటుగా పదోన్నతిపై)