నిమిషం అక్క రాసిన నా తప్పులు

ఈ ఇరుకు మెట్లెక్కి గ్రంథాలయం పై గది దాకా వచ్చిన అందరికీ నమస్కారం. అక్క కూతురు ముందు వరసలో కూర్చుంది. ఆసుపత్రి బట్టల గదిలో అక్కతో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు కిటికీ పక్కన ఉన్నారు. బుధవారం, శనివారం సాయంత్రాలు ఇక్కడ ఇంగ్లీషు సాధన చేసే మనవాళ్లందరూ వచ్చారు. కుర్చీలు చాలక నిలబడినవాళ్లు మన్నించాలి. ఈ గదిలో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. అక్క చూసి ఉంటే ఎంత మురిసిపోయేదో. మురిసిపోయి ఊరుకునేది కూడా కాదు, మనల్ని ఇద్దరిద్దరిగా జతలు కట్టి మాట్లాడమని కూర్చోబెట్టేది.

పోయిన మంగళవారం పొద్దున అక్క వెళ్లిపోయింది. పనికి బయలుదేరుతూ, చెప్పులు వేసుకుంటూ, గుమ్మంలోనే కూలబడిందట. యాభై ఎనిమిదేళ్లు. పోయే వయసు కాదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం కాస్త ఇబ్బంది పెట్టి ఉంటే బాగుండుననిపిస్తోంది. కనీసం ఒక్కసారి వెళ్లి చూసేవాణ్ణి.

నన్ను మాట్లాడమన్నది అక్క కూతురు. వద్దమ్మా, ఆ గదిలో నిలబడి మాట్లాడే అర్హత నాకు లేదన్నాను. ఎందుకు లేదో అదే చెప్పండి అంది. కాబట్టి మిత్రులారా, అదే చెబుతాను.

నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక మాట. నేను బస్టాండులో ప్రకటనలు చదివే మనిషిని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యంగా నడుస్తోందో, రోజుకు రెండు వందల సార్లు రెండు భాషల్లో చెబుతాను. మీలో చాలామందికి నా గొంతు తెలుసు, మొహం తెలియదు. ఆ మైకు ముందు కూర్చునే ఇంగ్లీషు నాకు ఈ గదిలో వచ్చింది. అక్క దగ్గర వచ్చింది.

అక్క టీచరు కాదు. ఈ గదిలో ఒకప్పుడు ఒక మాస్టారు పాఠాలు చెప్పేవారు. మమ్మల్ని అప్పర్ ఇంటర్మీడియట్ దాకా, అంటే నడిమి స్థాయి దాటిన మెట్టు దాకా లాక్కొచ్చి, బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ పైన తరగతి లేదు. ఆ మెట్టు మీద ఉండిపోయినవాళ్ల అవస్థ అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. కాలుష్యం గురించి పది నిమిషాలు గడగడా మాట్లాడతాం. ఇంట్లో తలుపు గడియ ఊడితే వడ్రంగికి ఏమని చెప్పాలో తెలియదు. వార్తలు అర్థమవుతాయి, పక్కనున్నవాళ్లు ఎందుకు నవ్వారో అర్థం కాదు. రానివాళ్ల ముందు పండితులం, వచ్చినవాళ్ల ముందు మూగవాళ్లం. చాలామంది అక్కడే చతికిలబడతారు. మాస్టారు వెళ్లిపోయిన వారం మేమూ చతికిలబడేవాళ్లమే. కానీ ఆ బుధవారం ఆరింటికి అక్క ఎప్పటిలాగే వచ్చి, తాళం తీయించి, కుర్చీలు తుడిచి కూర్చుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మాస్టారు వెళ్తే మన నోళ్లు కూడా పట్టుకెళ్లారా?" అని అడిగింది. అందరం సిగ్గుపడి వచ్చాం.

ఆమెకు నిమిషం అక్క అని పేరెలా వచ్చిందో బట్టల గదివాళ్లకు తెలియకపోవచ్చు. అదిగో, ఆ గోడ గడియారం చూడండి. ఆ గడియారం వల్ల వచ్చింది. ఒకరోజు నా వంటగది గురించి నేను మాట్లాడాలి. స్టవ్వు దాకా బాగానే సాగింది. గిన్నెలు తోమిన నీళ్లు పోయే తూము దగ్గర ఆగిపోయాను. మాట రాదు. మాతో సాధన చేసే దర్జీ ఒకమాట అందించబోయాడు. బేకరీ ఆవిడ ఇంకోమాట అందించబోయింది. అక్క చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "మాట నోటి దాకా వచ్చింది, దాన్ని రానివ్వండి" అంది. ఆ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. నా చెవులు వేడెక్కిపోయాయి. సెకన్ల ముల్లు తిరుగుతోంది. చుట్టు పూర్తయ్యేలోగా ఆ మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నడూ మర్చిపోలేదు.

అప్పటి నుంచీ అది మన పద్ధతి అయింది. ఎవరు ఆగిపోయినా ఒక నిమిషం ఎవరూ మాట అందించకూడదు. చెప్పండి, పెద్దవాళ్లమయ్యాక మన కోసం ఒక నిమిషం నోరు మూసుకుని ఎదురుచూసినవాళ్లు ఎంతమంది? ఇంట్లో చూస్తారా? ఆఫీసులో చూస్తారా? బస్టాండులో అయితే అరనిమిషం బస్సు ఆలస్యమైతే నన్నే తిడతారు.

రెండో పద్ధతి తప్పుల పుస్తకం. మామూలుగా ఎవరి తప్పులు వాళ్లు రాసుకుంటారు. అక్క ఒప్పుకోలేదు. "మన తప్పు మనకు ముద్దొస్తుంది, సగం దాచేస్తాం" అంది. అందుకని జతలో ఒకరి తప్పులు ఇంకొకరు రాయాలి. నా తప్పులు అక్క పుస్తకంలో, అక్క తప్పులు నా పుస్తకంలో. నెలకోసారి పుస్తకాలు మార్చుకుని చదువుకోవాలి. నాలుగేళ్లు అక్కకు జత నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కథంతా ఇక్కడే ఉంది.

రోజూ వాడే మాటల కోసం అక్క పడ్డ పాట్లు బట్టల గదివాళ్లకు తెలుసు. ఇస్త్రీ బల్లకు ఇంగ్లీషు పేరు రాసిన చీటీ, దుప్పట్ల అరకు చీటీ, బకెట్టుకు చీటీ, బకెట్టు పిడికి వేరే చీటీ. ఒకరోజు పెద్ద నర్సు గారు వచ్చి కుర్చీలో కూర్చుని లేచేసరికి ఆమె చీర వెనక ఇంగ్లీషులో కుర్చీ అని ఉందట. వార్డులో అందరూ చూశారు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. చివరికి అక్కే వెళ్లి చీటీ తీసి, అక్షరదోషం లేదు కదా అని చూసుకుని, మళ్లీ కుర్చీకే అంటించిందట. నవ్వండి, పరవాలేదు. అక్క నవ్వే కథే ఇది.

ఇంత తాపత్రయం ఎందుకు? ఆసుపత్రి గుమ్మం పక్కన రోగులకు దారి చెప్పే సహాయ కౌంటరు ఉంది. అక్కడ కూర్చోవాలంటే ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. ఏడాదికి ఒక్కసారే పెడతారు. అక్కకు ఆ కుర్చీ కావాలి. ఆ కోరిక ఎవరి దగ్గరా దాచలేదు. "బట్టలు మాట్లాడవు తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా వాటితోనే ఉన్నాను, ఇక మనుషులతో ఉంటాను" అనేది.

ఇప్పుడు నా సంగతి.

మూడేళ్ల కిందట నాకు మైకు ఉద్యోగం వచ్చింది. ఆ వేళ ఈ గదిలో నాకంటే ఎక్కువ సంతోషించింది అక్క. తర్వాత వారం నేను రాలేదు. డ్యూటీ సాయంత్రం పడింది అన్నాను. అది నిజమే. నాలుగు నెలలకు డ్యూటీ పొద్దుటికి మారింది. అప్పుడూ రాలేదు. దానికి కారణం డ్యూటీ కాదు. ఊరంతా వినే గొంతు నాది. తప్పులు రాసే మనిషి ఎదురుగా మళ్లీ కూర్చోవడం నాకు నామోషీ అనిపించింది. ఈ మాట ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు.

అక్క తప్పుల పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. నేను మానేసి ఏడాది దాటాక, పరీక్షకు మూడు వారాలుందనగా అక్క ఫోన్ చేసింది. "నా తప్పులు నాకు కావాలి తమ్ముడూ" అంది. రేపు తెస్తానన్నాను. వారం పోయాక మళ్లీ చేసింది. రేపు తప్పకుండా అన్నాను. పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది, టైమ్‌టేబుళ్ల కింద. ఆసుపత్రి బస్టాండుకు నాలుగు స్టాపుల దూరం. నాలుగే. వెళ్తే ఇన్నాళ్లు ఏమైపోయావని అడుగుతుందేమోనని వెళ్లలేదు. అక్క మూడోసారి ఫోన్ చేయలేదు.

ఆ పరీక్ష రెండు మార్కుల్లో పోయింది. దర్జీ చెబితే తెలిసింది.

మిత్రులారా, ఆ రెండు మార్కులు ఆ పుస్తకంలో ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉండి ఉండవచ్చు. మళ్లీ ఏడాది చదివి, పుస్తకం లేకుండానే, అక్క పరీక్ష నెగ్గింది. కౌంటర్లో కూర్చుంది. ఎనిమిది నెలలు. మీలో కొందరు అక్కడ అక్కను చూసి ఉంటారు. దారి అడిగినవాళ్లకు మాట తడబడితే, వెనక ఎంత వరస ఉన్నా, గోడ మీదికి చూస్తూ ఆగేదట. ఇరవై నెలలు కూర్చోవలసిన మనిషి ఎనిమిది నెలలు కూర్చుంది. మిగిలిన పన్నెండు నెలలూ నా సొరుగులో ఉండిపోయాయి.

ఇక్కడితో అయిపోతే నేను తల దించుకుని కూర్చునేవాణ్ణి. అయిపోలేదు.

మా బస్టాండులో ప్రయాణికుల సలహాల పెట్టె ఉంది. నేను మైకు దగ్గర కూర్చున్న మొదటి నెల నుంచీ అందులో ఎవరో చీటీలు వేస్తున్నారు. పేరు ఉండదు. విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. ఫలానా ప్రకటనలో ఈ వాక్యం ఇలా చెబితే ఇంకా బాగుంటుంది, ఆ మాట మీద కొంచెం ఆగితే ముసలివాళ్లకు అర్థమవుతుంది, అలా. నెలకొకటి. మా మేనేజరు తెచ్చి నా చేతిలో పెట్టేవారు. ఎవరో పనీపాటా లేని మనిషి అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే దిద్దుకున్నాను. మేనేజరు మెచ్చుకుంటే అంతా నా ప్రతిభే అన్నట్టు తలూపాను.

పోయిన శుక్రవారం అక్క కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇది మీదే అనుకుంటా అని ఒక పుస్తకం ఇచ్చింది. నా తప్పుల పుస్తకం. ఈ గదిలో నేను మాట్లాడిన నాలుగేళ్ల తప్పులూ అందులో ఉన్నాయి. నేను మానేసిన దగ్గర అది ఆగిపోవాలి కదా? ఆగలేదు. తేదీ, ప్లాట్‌ఫారం నంబరు, నేనన్న వాక్యం, దాని పక్కన సరైన వాక్యం. అక్క ఆసుపత్రికి వెళ్లి రావడానికి మా బస్టాండులోనే బస్సు మారేది. నా డ్యూటీ సాయంత్రం ఉన్న నాలుగు నెలలూ ఇంటికి తిరిగొస్తూ, ఆ తర్వాత రోజూ పొద్దున ఏడూ నలభైకి, మూడో ప్లాట్‌ఫారం బెంచీ మీద, స్పీకరు కింద. నా గది అక్కడికి పాతిక అడుగులు. ఒక్కరోజూ తలుపు తట్టలేదు. ఎందుకమ్మా అని కూతుర్ని అడిగాను. తనూ ఒకసారి అడిగిందట. "వాడికి నా ఎదురుగా కూర్చోవడం కష్టంగా ఉన్నట్టుంది, పోనీలే, ఇక్కణ్ణించి వింటే సరిపోతుంది" అందట.

చీటీల్లో ఉన్నవన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. తేదీలు సరిచూశాను. నేను రేపు తెస్తానన్న నెలలో కూడా చీటీ వేసింది. పరీక్ష తప్పిన నెలలో కూడా వేసింది. జతలో తన సగం తను చేస్తూనే ఉంది. నా సగం నేను చేయలేదు. నాకు కోపం వస్తోంది, నా మీద. కాస్త అక్క మీద కూడా. ఒక్కసారి తలుపు తట్టి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఏం పోయేది?

మొదటి నెల నా తప్పులు రెండు పేజీలున్నాయి. తర్వాత పేజీ. తర్వాత అరపేజీ. చివరి నెలల్లో ఒకటీ అరా. ఆఖరిది పోయిన సోమవారం రాసింది, అంటే చనిపోవడానికి ముందురోజు. ఒకటే వరస ఉంది. "అన్నీ విన్నాను. ఇవాళ తప్పు లేదు."

ఉంది అక్కా. ఇదిగో, నా చేతిలో ఉంది. నీ పుస్తకం. అరవై మూడు పేజీలు. మూడేళ్లు ఆలస్యంగా తెచ్చాను.

అమ్మా, ఇది నీకు ఇస్తున్నాను. నీ దగ్గర ఉండనివ్వు. ఇందులో తప్పులతో పాటు మీ అమ్మ మాట్లాడిన మాటలన్నీ ఉన్నాయి, మీ ఇంటి గురించి, నీ గురించి.

ఇక మనవాళ్లకు ఒక మనవి. వచ్చే బుధవారం ఆరింటికి నేను వస్తాను. తాళం తీయిస్తాను, కుర్చీలు తుడుస్తాను. అక్క జత ఖాళీ అయింది కాబట్టి నాకు జత లేదు. నా తప్పులు రాయడానికి మీలో ఎవరో ఒకరు రావాలి. చాలా ఉంటాయి, లావుపాటి పుస్తకం తెచ్చుకోండి.

ఇప్పుడు దయచేసి అందరూ లేచి నిలబడండి. సంతాప సభలో ఒక నిమిషం మౌనంగా నిలబడడం ఎక్కడైనా ఉన్నదే. ఈ గదిలో మాత్రం ఆ నిమిషం అక్కది. మన నోట మాట రాక నిలబడిపోయినప్పుడల్లా మన కోసం ఆమె ఎదురుచూసిన నిమిషం. ఇవాళ మళ్లీ మనకు మాట రావడం లేదు. ఆ గడియారం వైపు చూద్దాం. ముల్లు చుట్టు తిరిగి వచ్చేదాకా, ఎవరూ మాట అందించకండి.