వెనక సీట్లో పుచ్చకాయ

వ్యాను డ్రైవరు ఐవజ్ చక్కెరగడ్డ పంటికింద పెట్టుకుని టీగ్లాసు ఎత్తాడంటే ఇక ఎవరి పనీ తొందరగా తెమలదని అర్దబీల్ కొండల్లో ఆ స్టాపు టీకొట్టుకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. మారాల్‌కి మాత్రం తొందరగా ఉంది.

ఆమె ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒళ్ళో టీకామందు పెట్టె. కనుమ అవతలి ఊళ్ళో పదకొండుమంది తల్లులు పసిపిల్లల్ని చంకనేసుకుని మధ్యాహ్నానికల్లా వస్తారు. పోయిన బుధవారమూ వచ్చారు. దారిలో ఐవజ్ వ్యాను వెనక సీట్లో ఆ మందు గడ్డకట్టింది. గడ్డకట్టిన మందు ఎందుకూ పనికిరాదు. మంచులో నడిచొచ్చిన వాళ్ళని ఉత్తచేతులతో తిప్పి పంపింది. ఇవాళా అలాగే పంపితే మూడోసారి రమ్మనే ముఖం తనకుండదు, రావడానికి వాళ్ళకి మనసుండదు.

"హీటరు బాగైందా లేదా, అదొక్కటి చెప్పు అన్నయ్యా" అంది.

అవుననో కాదనో ఒక్కమాట చాలు ఆమెకి. ఒక్కమాటతో సరిపెట్టడం ఐవజ్ జాతకంలో లేదు.

"బాగైందా అని అడుగుతావేంటి చెల్లెమ్మా! నిన్న కనుమెక్కుతుంటే హీటర్లోంచి ముసలాడి నిట్టూర్పులా చల్లగాలి వస్తోంది. ఇంకొకడైతే మెకానిక్ కాళ్ళు పట్టుకునేవాడు. నేనేం చేశాను? బండాపి, బానెట్టెత్తి, హీటరుకి వేణ్నీళ్ళు పోయే గొట్టం ఊడదీసి, నోటితో ఒక్క ఊదు ఊదాను. ఒక్కటే! పిడికెడు తుప్పు ఊడిపడింది."

"అంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు పక్క బల్ల మీద టీ తాగుతున్న హైబత్ తాత.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుప్పు వెనకాల ఓ చిట్టెలుక. దాని వెనకాల దాని పెళ్ళాం, ఏడుగురు పిల్లలు, చలికాలానికి దాచుకున్న గోధుమలూ! పాపం, సంసారం కదా అని జాగ్రత్తగా గట్టున దించి, గొట్టం బిగించి స్టార్టు చేశాను. ఇక చూస్కో! వేడా అది? మొదటి మలుపులో కోట్లు విప్పారు. రెండో మలుపులో ఒకావిడ బుట్టలో వెన్న కరిగి నెయ్యయింది. మూడో మలుపులో ఇంకొకావిడ తీసుకెళ్తున్న పదిహేను గుడ్లూ పిల్లలైపోయాయి. నీకు పదహారు టిక్కెట్లు కొట్టనా అని అడిగితే ఆవిడ నాతో పోట్లాడింది కూడా!"

గొర్రెల బేరగాడు యావర్ పొలమారి టీ చొక్కా మీద పోసుకున్నాడు. "మరి వెనక సీట్లో సంగతి?" అంది మారాల్.

"అక్కడికే వస్తున్నా. ఎండాకాలంలో పుచ్చకాయలు తోలానా, ఓ గింజ వెనక సీటు సందులో పడుండాలి. ఆ వేడికి మొలకెత్తింది! కనుమ పైకి చేరేసరికి తీగ సీటంతా పాకింది. దిగేసరికి కాయ. ఇంత! కోసి, మంచు తవ్వే కూలీలకి తలో ముక్కా పెట్టాను. నమ్మకపోతే వాళ్ళనడుగు."

"ఏం తాతా, నిన్న నువ్వూ ఆ బండిలోనేగా వచ్చావు?" అంది మారాల్.

"వెనకాల సంగతి నాకేం తెలుసమ్మా" అన్నాడు హైబత్ తాత. "నేనెప్పుడూ ముందే కూర్చుంటాను."

నిజమే. ముందు సీట్లు మగవాళ్ళవి. ఆ మాట ఎక్కడా రాసిలేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఇంజిను వేడి వాళ్ళ తొడల కిందే ఉంటుంది, హీటరు బాగున్నా దాని గాలి వెనక సీటుదాకా సరిగా పోదు. ఇవాళ కూడా తాతా యావరూ టీకి వచ్చేముందే తమ టోపీలు ఆ సీట్లలో వేసొచ్చారు.

ఐవజ్ గొంతు ఇంకా పెంచాడు. "అసలు కథ ఇప్పుడుంది! బండిలోంచి పోయిన వేడికి కనుమకి రెండువైపులా మంచు కరిగి వాగులు పారాయి. గుహలో పడుకున్న ఎలుగుబంటి లేచొచ్చి, ఎండాకాలం వచ్చేసిందా అని నన్నే అడిగింది! మా అత్తగారి ఊళ్ళోనైతే వసంతకాలపు నౌరోజ్ పండగ వచ్చేసిందనుకుని ఇళ్ళన్నీ దులిపేసి, తివాచీలు ఉతికి ఆరేసుకున్నారు!"

"ఉతికింది ఆడవాళ్ళేగా" అంది టీనీళ్ళు కాగే సమోవార్ వెనకనుంచి సురయ్యా. ఐవజ్ భార్య. ఆ టీకొట్టు నడిపేది ఆమే. "నీ కోతల్లో కూడా మాకు చాకిరీ తప్పలేదన్నమాట."

జనం నవ్వారు. ఐవజ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. మారాల్ నవ్వలేదు. "అన్నయ్యా, ఈ మందు గడ్డకడితే పదకొండుమంది పిల్లలకి టీకా ఉండదు. నన్ను ఎక్కమంటావా, వద్దంటావా?"

"కళ్ళు మూసుకుని ఎక్కు. నాది పూచీ!"

సురయ్యా చేతులు తుడుచుకుని, అలమరలోంచి బొత్తాల డబ్బా తీసింది. అందులో వెతికి, నడుమ స్ప్రింగున్న ఇత్తడి బిళ్ళ ఒకటి బయటికి తీసింది. ఖాళీ టీగ్లాసులో వేసి, సమోవార్ నుంచి సలసల కాగే నీళ్ళు పట్టి, అందరి మధ్యా పెట్టింది.

అందరూ గ్లాసు మీదికి వంగారు. కాసేపటికి బిళ్ళ మధ్యభాగం మెల్లగా పైకి లేచి, చేపపిల్లలా నోరు తెరిచింది.

"ఇది థర్మోస్టాట్, నర్సమ్మా" అంది సురయ్యా. "ఇంజిన్లో నీళ్ళు కాగేదాకా నోరు మూసుకుని కాపలా కాస్తుంది, కాగాకే ఇలా తెరుస్తుంది. ఇది లేకపోతే నీళ్ళు కాగకుండానే రేడియేటర్లోకి పోయి చల్లారిపోతాయి. ఇక హీటరుకి వేడెక్కడిది? పుచ్చకాయల లోడుతో కనుమెక్కితే ఇంజిను మరిగిపోతోందని ఈయనే దీన్ని పీకి నా చేతిలో పెట్టాడు. ఎండాకాలంలో ఈ దారి డ్రైవర్లందరూ చేసే పనే. చలి పడగానే మళ్ళీ పెట్టుకుంటారు. ఈయనకి తీరికేదీ? కథ చెప్పాలిగా!"

"నీకివన్నీ ఎలా తెలుసు వదినా?" అన్నాడు యావర్.

"ఆరేళ్ళుగా ఆ బానెట్టు కింద స్పానర్లు అందిస్తున్నది ఎవరనుకున్నావు, ఎలుగుబంటా?" మొగుడివైపు తిరిగింది. "మా నాన్న సంబంధం చూసినప్పుడు ఈయన గొంతులో కూడా ఇలాంటిదొకటి ఉందో లేదో చూసుండాల్సింది. వేడెక్కినప్పుడే తెరుచుకునేది."

ఐవజ్ చక్కెరగడ్డ మింగేశాడు. గ్లాసులోంచి బిళ్ళని చెంచాతో తీసుకుని బయటికి నడిచాడు. సురయ్యా టీపొడి అట్టపెట్టె కత్తిరించి నీళ్ళు కారకుండా వాషర్ చేసిచ్చింది. ముప్పావుగంటలో పనైపోయింది. కాసేపు ఇంజిను తిరిగాక హీటర్లోంచి నిజమైన వేడిగాలి వచ్చింది, ఎలుకలేవీ లేకుండానే.

మారాల్ ముందు సీట్లలోని రెండు టోపీలూ తీసి, మడతపెట్టి, వెనక సీట్లో పెట్టింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. పక్క సీట్లో, మొన్న ఇదే బండి వెనక సీట్లోంచి గడ్డకట్టిన పాలసీసా పట్టుకుని దిగిన ఓ బాలింతని కూర్చోబెట్టింది. తాత పెట్టెని చూసి, గొణుక్కుంటూ వెళ్ళి వెనక సీట్లో తన టోపీ పక్కన కూర్చున్నాడు.

మూడో మలుపు దగ్గర వెనకనుంచి తాత గొంతు వినిపించింది. "ఒరే ఐవజ్! ఇక్కడ కాళ్ళు కొయ్యబారుతున్నాయిరా!"

ఐవజ్ నోరు తెరిచాడు. పక్కనున్న మారాల్‌ని చూసి మూసేశాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "అదేంటి తాతా, ఆ పుచ్చతీగ కప్పుకోకపోయావా?"