కాకి ముట్టని కూర

చచ్చి గూడ సతాయించుడేనా? పొద్దటిసంది డాబా మీద ఎండల నిలవడి కాళ్లు గుంజుతున్నయి. నీ పదోనాడని యాట కూర వండిన. నేత పనికి వచ్చిన ఈ గుజరాత్ల కల్లు ఏడ దొరకాలె, దొంగచాటు సారా తెప్పించిన. బువ్వంత పావురాలు మెక్కినయి. కాకి గోడ మీద కూసోని సూసింది గని ముట్టలే. అది ముట్టేదాక ఇంట్ల ఎవ్వలు తినద్దాయె.

పదోనాడు కాకి ముట్టకుంటె పాణం ఏడనో చిక్కినట్టేనట. కరోనా పీనిగని ముఖం గూడ సూపెట్టకుంట కాలవెట్టిరి, అందుకే కావచ్చని నేనన్న. కాదని నీ తమ్ముడు ఆగయ్య మెట్ల మీదనే పంచాయితి వెట్టిండు. "అన్న తోలు ముక్క పిల్ల లాబ్ల బతికే ఉన్నది వదినె. అది ఉన్నన్ని దినాలు అన్న పోడు. పారెయ్యుమను" అన్నడు.

ఏంది, ఫోటోలకెల్లి గట్ల సూస్తవు? యాది లేదా? బిడ్డ తన లాబ్ల పనికి తోలు ముక్క అడిగితె జబ్బ సూపెట్టి, ఉక్కు తోలు తీస్కోండ్రని మీసం దువ్వితివి.

బిడ్డ వినోద నాకు జర సమజైతట్టు చెప్పింది. ఆ ముక్కకు ఏందో మందు పోసి, అది తోలన్న సంగతే మరిపించిండ్రట. చీర ఇప్పి మల్ల నూలు జేసినట్టు. నూలు గదే, నేత పోయింది. తల్లి కడుపుల ఉన్నప్పటి లెక్క అయితదట. ఇగ గుండె జేస్తె గుండె, నరం జేస్తె నరం. నీదాన్ని గుండె జేసిండ్రు. గిన్నెల టుక్కుటుక్కు కొట్టుకుంటుంటె ఫోన్ల సూపెట్టింది. నీకు గుండె ఉన్నదని గప్పుడే సూసిన.

మీ నాయిన గుణం గూడ మర్శిందానే అని అడిగిన. పిల్ల నవ్వలే. నా కనుబొమ్మ మీది మచ్చ దిక్కు సూసింది. కూరల ఉప్పెక్కువైందని బట్ట నేసే సాంచె నాడె ఇసిరి కొట్టినవు సూడు, గదే మచ్చ. నా తోలు ఏం మరవలే.

ఇందాక ఫోన్ జేసింది. "అమ్మా, నువ్వు ఒక్క మాట అంటె సాలు, సార్లు నాయిన ముక్కలన్ని పారేస్తమన్నరు" అన్నది. ఏడుస్తున్నది. నీ కోసం ఏడ్శేటోళ్లు గూడ ఉన్నరు!

ఆగయ్యకు ఏం చెప్పిన్నో ఎరుకేనా? లాబోళ్లు ఒప్పుకుంటలేరన్న. బిడ్డకేమో ఉంచుమన్న. మంచుల వెట్టి మంచిగ దాసుండ్రి, ఒక్క తునక గూడ పోవద్దన్న. ఎన్నేండ్లైన కరాబ్ కాదట.

నువ్వు తినంది నేను ముద్ద ముట్టకపోదును. అన్నం ముందట వెట్టుకోని వాకిట్లకు సూసుడు, నువ్వు తాగొచ్చి పల్లెం తన్నుడు. గిప్పుడు నువ్వు సూడు. కుండల కూర ఇంక ఏడిగనే ఉన్నది. నీ ఫోటో ముంగట్నే పల్లెం వెట్టుకోని కూసున్న.

ఉప్పు జర ఎక్కువైంది. ఐనా మస్తుగున్నది.