అడగని ప్రశ్నకు జవాబు

ఆస్పత్రులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో, భోజనాల వేళ, టీమ్ లీడర్ వచ్చి ఒక ప్రోగ్రామర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నిన్న ఒకామెకి ఇంజెక్షన్ పడక ఊపిరాడలేదట. మన స్క్రీన్ మీదేమో ‘పడని మందులు లేవు’ అని ఉంది.”

“నర్సు అలా నింపిందా మేడమ్?”

“ఆ గడి ముట్టుకోనే లేదు. స్పృహలో లేని మనిషిని ఏమని అడుగుతుంది?”

అతను కంప్యూటర్లో ఆ ప్రోగ్రాము తెరిచి చూశాడు.

“నాదే తప్పు మేడమ్. మనం ప్రోగ్రాము రాసే ‘గో’ భాషలో మనం విలువ ఇవ్వకపోతే అదే ‘లేవు’ అని పెట్టేస్తుంది. రికార్డు తయారయ్యేటప్పుడే నేను ‘తెలియదు’ అని పెట్టాల్సింది.”

“మరెందుకు పెట్టలేదు?”

“అడగనిది ఖాళీగా ఉంటుందిలే అనుకున్నా. ఆమెకెలా ఉంది?”

“గండం గడిచింది. ముందు అది సరిచెయ్యి.”

అతను ఒక్క వరుస చేర్చాడు. చెయ్యి మాత్రం కీబోర్డు మీంచి తియ్యలేదు.

“పాత రికార్డులు పదకొండు వేలున్నాయి మేడమ్, ‘లేవు’ అని. ఎవర్ని అడిగారో, ఎవర్ని అడగలేదో తేల్చే దారి లేదు. అన్నీ ‘తెలియదు’ చేసేస్తే నర్సులు మళ్ళీ అందర్నీ అడగాలి. మనల్ని తిట్టిపోస్తారు.”

“తిట్లు మనకి బాగానే పడతాయిలే. మార్చు.”